జానెడు కింద బొట్టు

మూత పడ్డ డెబ్బై మూడో ఏడు, పుష్య శుద్ధ విదియ
నీరు: నిరుటి బొట్టుకు నాలుగు వేళ్ల పైన. గాలి: ఈశాన్యం. కుదుపులు: మూడు.

ఈ చిట్టాలో నీరు, గాలి, కుదుపులు తప్ప మరేమీ రాయకూడదని కొండాఫీసు హుకుం. మొదటి పేజీలోనే అచ్చు వేసి మరీ ఇచ్చారు. పదహారేళ్లుగా అలాగే రాశాను. ఇవాళ్టి నుంచి రాయను. అభ్యంతరం ఉన్నవాళ్లు శంకుదీవికి వచ్చి చెప్పమనండి, వచ్చేటప్పుడు కాస్త దీపానికి నూనె కూడా పట్టుకురమ్మనండి.

పొద్దున గుర్తురాయి మీద పట్టిన గుల్లలు గోకాను. తాడుకు వేలాడే తూకం గుండు కింద ఇసుక పళ్లెం సరిచేశాను. నేల కదిలితే గుండు ఊగి ఇసుకలో గీత గీస్తుంది. మూడు గీతలంటే మూడు కుదుపులు. ఉప్పునీళ్లలో నానితే నా కుడిచేతి ఉంగరం వేలు దురద పెడుతుంది. ఎనిమిదేళ్ల వయసులో గాలం దిగి, వేలి కొనలో అడ్డంగా చీలిన మచ్చ ఉంది. ముప్ఫై రెండేళ్లయినా అది ఉప్పు తగిలితే చాలు, నిన్నగాక మొన్న తగిలినట్టు చేస్తుంది.

మధ్యాహ్నం దానయ్య బావ పడవ వచ్చింది. దానయ్య మా మేనమామ కొడుకు, కొండాఫీసు టపా మోస్తాడు. ఉత్తరం చేతిలో పెట్టి నా మొహం చూస్తూ నిలబడ్డాడు. కిందటి పెద్ద కుదుపుకు సముద్రంలోంచి లేచిన గట్టు మీద కొత్త ఊరు కడతారట. అరవై రెండు కుటుంబాలు. నేను కొలిచి అంకె చెబితే అనుమతి ఇస్తారట. ఊరి తరఫున హామీ ఇచ్చినవాడి పేరు అడుగున ఉంది. పొట్నూరు భానోజీ.

ఆ పేరు చదివాక నాకు కాసేపు ఏమీ వినబడలేదు. దానయ్య బావ రెండుసార్లు అడిగాడట నీళ్లు కావాలా అని.

ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట మా అమ్మ రాయిని చదవడానికి వచ్చిన ఆఫీసరు పొట్నూరు భానోజీ. ఊరిని కొండ మీదికి మార్చనక్కర్లేదని రాసి పోయిన వాడు. ఆయన రాసిన ఏడు నెలలకు నేల లేచింది, వెనకే సముద్రం లేచింది. నూట పదమూడు మంది పోయారు. అందులో మా అమ్మ సూరాడ అసిరమ్మ, నా తమ్ముడు చిన్నోడు ఉన్నారు. నేను పుల్లలకు కొండెక్కి ఉండబట్టి మిగిలాను.

ఇన్నాళ్లకు ఆయన అంకె నా చేతికొచ్చింది. వదలను.

పుష్య శుద్ధ అష్టమి
నీరు: పోటు తక్కువ, కొలవలేదు. గాలి: నిలకడ. కుదుపులు: నాలుగు.

ఆయన వచ్చాడు. నేనేదో లావుపాటి మనిషిని ఊహించుకున్నాను, ఇన్నేళ్లూ నా తలలో అలాగే పెరిగాడు మరి. పడవ దిగింది మాత్రం ఒక ఎండు మనిషి. చేతికర్ర, ఒక కంట్లో పువ్వు, భుజాన గుడ్డసంచి. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. గట్టు మీద నిలబడి చుట్టూ చూశాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. పెట్టిన చేతిని నరకాలనిపించింది. తిరిగి నమస్కారం పెట్టాను.

కొత్త నేలకు ఒక నియమం ఉంది. దాన్ని ముందు కాపురం అంటారు. ఏ నేలకు ఎవడు హామీ ఇస్తాడో, వాడు మూడు వర్షాకాలాలు అక్కడ ఒంటరిగా ఉండాలి. వాడు బతికి ఉంటే ఆ తర్వాతే మిగతావాళ్లు దిగుతారు. ఇలాంటి ఆఫీసర్లు నలుగురు పుట్టాక వచ్చిన నియమం అది. నాకెంతో నచ్చిన నియమం కూడా.

గుడిసె ఎక్కడ వేసుకుంటారని అడిగాను. కర్రతో అన్నిటికంటే కింది మెట్టు చూపించాడు, అలకు ఇరవై అడుగుల దూరం.

"కింద ఎందుకు బాబూ, పైన గాలొస్తాది కదా" అన్నాను.

"నాకు నీళ్లు కనబడాలమ్మా" అన్నాడు.

కనబడతాయిలే అనుకున్నాను. ఒడ్డు దాటి నీ గుమ్మంలోకి వచ్చేదాకా కనబడతాయి.

ఆయన్ను కొండ వెనక సత్రంలో దింపి వచ్చాక దానయ్య బావ నన్నే చూస్తున్నాడు. మరదలు ఎప్పుడూ లేనిది మర్యాదగా మాట్లాడుతోందంటే ఏదో కొంప మునుగుతుందన్నాడు. మునిగేది నీ కొంప కాదులే అన్నాను. నవ్వాడు గానీ ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

పుష్య పౌర్ణమి
నీరు: నిరుటి బొట్టుకు ఒక వేలు పైన. గాలి: ఈశాన్యం, గట్టిగా. కుదుపులు: ఒకటి.

ఇవాళ లెక్క కట్టాను. ఈ రాయి భాష తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను, ఎందుకంటే నేనేం చేశానో తెలియాలి.

పూర్వం ఆకాశంలో యంత్రాలు తిరుగుతూ నేల ఎంత కదిలిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పేవట. అవి ఒకదాన్నొకటి గుద్దుకుని పైనంతా చెత్తతో మూత పడ్డాక, మాకు మిగిలింది బొట్టు. ఏడాదికొకసారి, పుష్య అమావాస్య మధ్యాహ్నం, సముద్రం అన్నిటికంటే వెనక్కి వెళుతుంది. అప్పుడు ఒక ఆడమనిషి చిప్పలో కరిగించిన లక్కా సిందూరం ఉంగరం వేలితో తీసి, నీరు నిలిచిన చోట రాయికి బొట్టు పెడుతుంది. మరుసటి ఏడాది దాని పక్కన ఇంకొకటి. దీవి అడుగున నేలలో ఉన్న పగులు బిగుసుకుని ఉన్నంతకాలం మా దీవిని కిందికి లాగుతూ ఉంటుంది, అందుకని బొట్లు ఏటా ఒక్క పిసరు పైకి ఎక్కుతాయి. బొట్టు ఎప్పుడైనా కిందికి దిగిందంటే నేల పైకి లేచిందన్నమాట, అంటే పగులు జారి బిగువు వదిలిందన్నమాట.

నాకు ముందున్నామెవీ నావీ కలిపి ఈ రాయి మీద ముప్ఫై బొట్లున్నాయి. ముప్ఫైలోనూ ఎక్కడా వెనక్కి దిగలేదు. పగులు గట్టిగా బిగిసి ఉంది. చచ్చిన పగడాల వయసు చూసి పాతవాళ్లు కట్టిన లెక్క ప్రకారం అది ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు జారాలి. జారడం లేదు, దాచుకుంటోంది. కిందటిసారికి ముందు నూట నాలుగేళ్లు దాచుకుంది, అంటే నాలుగు మీటర్ల పైమాట. ఆ రోజు మా వైపు జారింది రెండు మీటర్ల అరవై. మిగిలినది లోపలే ఉండిపోయింది. దానికి ఈ ముప్ఫై ఒక్క ఏళ్లదీ కలిపితే రెండు మీటర్ల ఎనభై.

కొండాఫీసు గీసిన గీత రెండు మీటర్లు. అది దాటితే ఆ గట్టు మీద పొయ్యి వెలిగించకూడదు.

నేను ఒక్క వరస వదిలేశాను. అంతే. మిగిలిపోయినదాన్ని కలపలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు, నాలుగేసి చొప్పున, ఒకటి ఇరవై నాలుగు. శుభ్రమైన కాగితం మీద, శుభ్రమైన చేతిరాతతో రాసి, సంతకం చేసి, మైనం వేశాను. నలుగురిలో చెప్పుకోవలసి వస్తే మరుపు అంటాను. ఇక్కడ మాత్రం మరుపు అని రాయను. కావాలనే చేశాను. చేస్తున్నంతసేపూ హాయిగా ఉంది. పెద్ద కుదుపు మూడేళ్లలో ఎప్పుడైనా రావచ్చు. మిగతా కుటుంబాలు దిగేలోపు అంకె సరిచేస్తాను. ఆయన ఒక్కడికీ చాలు.

మైనం ముద్ర చూసి దానయ్య బావ మామూలు కన్నా ఎక్కువసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. 

పుష్య బహుళ పంచమి
నీరు: కొలవలేదు. గాలి: పడిపోయింది. కుదుపులు: సున్నా.

అనుమతి వచ్చింది. భానోజీ మనుషులను పెట్టి తాటిదూలాలు కిందికి దింపిస్తున్నాడు. చూస్తే కడుపు నిండింది.

కానీ పగ చెడ్డది, ఒకటి తిన్నాక రెండోది అడుగుతుంది. ఆయన చావడం ఒక్కటే నాకు చాలడం లేదు. ఆయన ఎందుకు చస్తాడో అందరికీ తెలియాలి. అమ్మ రాయి మీద నలభై ఒక్క బొట్లుండేవి. మొదటి ఇరవై రెండూ అమ్మమ్మవి, తర్వాతవి అమ్మవి. చివరిది, నలభై ఒకటోది, ఉన్నట్టుండి జానెడు కిందికి దిగి ఉందని, పగులు చప్పుడు లేకుండా జారిపోయిందని, ఇక ఊరికి చాలా ఏళ్లు భయం లేదని భానోజీ రాశాడు. అంతా అబద్ధం. మా అమ్మ బొట్టు తప్పదు. ఆ జానెడూ ఎలా దిగిందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఊరు మార్చే శ్రమ తప్పించుకోవడానికి అసలు బొట్టు గోకేసి, కింద ఇంకొకటి ఆయనే పెట్టాడు. లక్క మీద వేలిముద్ర మిగులుతుంది. దాన్ని మైనంలో అచ్చు తీసి, కొండాఫీసు గుమ్మానికి మేకు కొడతాను.

ఎల్లుండి పాత రాయి దగ్గరికి వెళ్లాలి.

పుష్య బహుళ నవమి
నీరు: కొలవలేదు. గాలి: లేదు. కుదుపులు: సున్నా. అయిదు రోజులుగా సున్నా.

వెళ్లాలనుకున్న రోజు దానయ్య బావ పడవకు చిల్లు పడింది, అందుకని ఇవాళ వెళ్లాం. పాత రాయి ఇప్పుడు సముద్రంలో లేదు. ఆ రోజు నేలతో పాటు లేచి, మొగలి పొదల మధ్య ఎండలో నిలబడి ఉంది. ఇద్దరం కత్తులతో దారి కొట్టుకుంటూ పొద్దెక్కేదాకా నడిచాం. ముళ్లు గీరుకుపోయి, బావ నన్నూ మొగలినీ కలిపి తిడుతూనే వచ్చాడు.

బొట్లు చెక్కుచెదరలేదు. నాచు కడిగితే వరసగా బయటపడ్డాయి. అమ్మమ్మవి గుండ్రంగా, అమ్మవి కాస్త పలచగా, పక్కకు ఒత్తి. అమ్మ వేలు పక్కకు వాలేది. ఆ వాలు చూడగానే రాతిని పట్టుకుని ఏడ్చాను. బావ అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

తర్వాత నలభై ఒకటోది చూశాను. జానెడు కింద. పైన గోకిన గుర్తు కోసం వెతికాను, రాతి మీద గీత కూడా లేదు. అక్కడ ఎప్పుడూ బొట్టు లేదు. సరేనని మైనం వెచ్చజేసి కింది బొట్టు మీద ఒత్తి తీశాను.

అది మగవాడి వేలు కాదు. పెద్దవాళ్ల వేలే కాదు. చిక్కుడు గింజంత ఉంది. దాని మధ్యలో అడ్డంగా ఒక చీలిక.

ముందు అర్థం కాలేదు. అర్థం కాలేదని రాస్తున్నాను గానీ, నా ఉంగరం వేలు అప్పటికే దురద పెట్టడం మొదలైంది.

ఆ ఏడు మార్గశిరంలో నాన్న పోయాడు. అమ్మను మూల కూర్చోబెట్టారు. అమావాస్య వచ్చింది. ముండమోసిన చేత్తో రాయికి బొట్టు పెడితే దీవికి అరిష్టమని ఊళ్లో అమ్మలక్కలంతా గోల చేశారు. మిగతావాళ్లెవరికీ పద్ధతి రాదు. కన్నెపిల్ల పెట్టవచ్చన్నారు. తొమ్మిదేళ్ల నాకు అమ్మ గది గుమ్మంలోంచి పద్ధతి చెప్పింది. చిప్ప చల్లారనివ్వకు. ఏడు అలలు లెక్కపెట్టు. అల ఎక్కిన చోటుకీ, దిగిన చోటుకీ నడిమధ్య, నీరు నిలిచే చోట పెట్టు.

నేను నడుం లోతు నీళ్లలో పాచిరాయి మీద నిలబడ్డాను. మొదటి అలే నా గడ్డం దాకా వచ్చింది. అది వెనక్కి లాగేసరికి రాయి అడుగుదాకా బయటపడింది. అప్పుడే, ఆ అడుగునే, కళ్లు మూసుకుని ఒత్తేసి పరిగెత్తాను. ఒక్క అల. రెండోదాని కోసం ఆగలేదు.

ఇంటికొస్తే అమ్మ అడిగింది, "ఏడూ లెక్కెట్టినావేటే?"

"ఎట్టినానమ్మా" అన్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ మాట నాకు గుర్తు రాలేదు. గుర్తు రాకుండా ఉండడానికి ఎవడో ఒకడు కావలసి వచ్చాడు కాబోలు.

పుష్య బహుళ దశమి
నీరు: కొలవలేదు. గాలి: లేదు. కుదుపులు: సున్నా.

పొద్దున్నే కింది మెట్టుకు వెళ్లాను. సగం లేచిన గుడిసె ముందు భానోజీ కూర్చుని గంజి తాగుతున్నాడు. మైనం అచ్చు ఆయన ముందు పెట్టాను. మంచి కన్ను దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఇది నీదే కదమ్మా" అన్నాడు.

నేను ఎవరో ఆయనకు దిగినరోజే తెలుసట. ఈ అచ్చు సంగతి అంతకు ముందే తెలుసట. ఆ ఏడు మాఘంలో ఆయన రాయి చూసినప్పుడే వేలు చిన్నదిగా కనబడిందట. మా ఇంటికి వచ్చి ఎవరు పెట్టారని అడిగాడట. మా అమ్మ తలుపు వెనక నుంచి, ఆ చెయ్యి నాదే బాబూ అందట. ముండమోసిన మనిషి బొట్టు పెట్టానని ఒప్పుకుంటే ఊరు ఏమంటుందో ఆమెకు తెలుసు. అయినా అంది. నేను ఆమె కొంగు వెనకే నిలబడి ఉన్నానట.

"మరి ఇచారణలో సెప్పలేదేటి? ఆరేళ్లు మిమ్మల్ని జైల్లో పెట్టినారు కదా" అన్నాను.

ఆయన గంజి గిన్నె కింద పెట్టాడు. "చెప్పి ఏం చెయ్యనమ్మా, తొమ్మిదేళ్ల పిల్ల మీద రాయనా? నన్నేమీ గొప్పవాణ్ణి చెయ్యకు. నాకు అనుమానం వచ్చింది. వచ్చే అమావాస్య దాకా ఆగి, నీరు చూసి రాయాలి. పడవ వెళ్లిపోతోందని తొందరపెట్టారు. నేను రాసేసి పడవెక్కాను."

ఆయన్ని క్షమించాలనిపించిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. నాకు అలా అనిపించలేదు. ఒళ్లంతా మండింది. పగ తీర్చుకుందామని వస్తే అందులో నా వాటా నాకే పంచి ఇచ్చాడు ఈ ముసలాడు. నేను ఒక అలకే పారిపోయాను, ఆయన ఒక పడవకే పారిపోయాడు. మధ్యలో మా అమ్మ ఒక్కతే నిలబడింది.

అప్పుడు అడిగాను, ఈ కింది మెట్టే ఎందుకని. సముద్రం వస్తే ముందు నన్నే తాకాలని ఎంచానమ్మా, తర్వాత నీ అంకె కూడా చూశాను అన్నాడు. ఒక వరస లేదని చూడగానే తెలిసిందట. ఆయన కూడా కొలతలవాడే కదా. తెలిసే దూలాలు దింపిస్తున్నాడు.

"మీరు కోరుకున్న సావు నా సేత్తో ఇయ్యను" అన్నాను. "పైకెక్కండి."

ఆయన కదల్లేదు. గుడిసె దూలానికి కట్టిన తాడు నేనే కత్తితో కోసేశాను.

పుష్య బహుళ ద్వాదశి
నీరు: కొలవలేదు. గాలి: దక్షిణం, కొద్దిగా. కుదుపులు: సున్నా. ఎనిమిది రోజులు.

పగులు ఇన్నాళ్లు నోరు మూసుకోవడం ఈ పదహారేళ్లలో చూడలేదు.

రెండు కాగితాలు రాశాను. మొదటిది: లేచిన గట్టుకు సరైన అంకె రెండు మీటర్ల ఎనభై. పౌర్ణమినాటి అంకె తప్పు. మరుపు వల్ల కాదు, కావాలని తప్పు రాశాను. గట్టు మూసేయండి. రెండోది: పాత రాయి మీద నలభై ఒకటో బొట్టు జానెడు పైకి ఉండవలసింది. ఆ ఏడు పగులు జారలేదు. కొలిచినది సూరాడ కొర్లమ్మ, వయసు తొమ్మిది.

దానయ్య బావకు రెండూ చదివి వినిపించాను. కొలత మార్చిన చెయ్యి మళ్లీ రాయిని తాకకూడదని కొండాఫీసు నియమం. నాకు ఉన్నది ఈ రాయి ఒక్కటే అని బావకు తెలుసు.

"మొదటిది సాల్దేటే? రెండోది ఎవులు అడిగినారు నిన్ను?" అన్నాడు.

"మా అమ్మ అడిగింది" అన్నాను.

బావ కాగితాలు చొక్కా లోపల పెట్టుకుని పడవ తోశాడు.

పుష్య అమావాస్య
నీరు: నిరుటి బొట్టుకు ఒక పిసరు పైన. గాలి: లేదు. కుదుపులు: సున్నా.

కొండాఫీసు నుంచి నిన్న జవాబు వచ్చింది. గట్టు మూసేశారు. అరవై రెండు కుటుంబాలకూ కొండ వెనక చోటు చూస్తారట. నా పని ఇవాళ్టితో సరి. వచ్చే ఏడు వేరే ఆమెను పంపుతారట. బొట్టు పెట్టేవాళ్లు మరొకరు లేరు గనక ఈ ఒక్కసారికి మాత్రం నన్నే పెట్టమన్నారు.

భానోజీని దానయ్య బావ దాదాపు మోసుకుంటూ సత్రానికి చేర్చాడు. ఆయన నా మీద కోపంగా ఉన్నాడట, గంజి కూడా ముట్టలేదట. ఉండనీ. ఆ సత్రం మేడ మీద గాలి పీలుస్తూ, నీళ్లు కనబడని చోట, ఇంకా పదేళ్లు బతకాలని కోరుకుంటున్నాను. ఇదే నా పగ అనుకోండి. నాకూ అదే శిక్ష వేసుకున్నాను.

మధ్యాహ్నం లక్క కరిగించి చిప్పలో తీసుకుని దిగాను. ఒడ్డున ఎవరూ లేరు, బావ ఒక్కడే దూరంగా పడవలో కూర్చుని చూస్తున్నాడు. సముద్రం వెనక్కి వెళ్లింది. నడుం లోతులో రాయి పక్కన నిలబడ్డాను. మొదటి అల గడ్డం దాకా రాలేదు, పెద్దదాన్ని అయ్యాను కదా, రొమ్ము దాకా వచ్చింది. కాళ్లు మాత్రం అప్పటిలాగే పారిపోదామన్నాయి.

రెండో అల. మూడోది. చిప్ప వేడి అరచేతిలో తగులుతోంది. నాలుగు. అయిదోది పెద్దది, పాచి మీద కాలు జారి మోకాలు కొట్టుకుంది. లేచి నిలబడ్డాను. ఆరు.

ఏడోది వచ్చి వెళ్లాక, అది ఎక్కిన చోటుకీ దిగిన చోటుకీ నడిమధ్య వేలు పెట్టి ఒత్తాను. లక్క గట్టిపడేదాకా తియ్యలేదు. తీశాక చూస్తే బొట్టులో అడ్డంగా చీలిక పడి ఉంది.

ఏడూ లెక్కెట్టినానమ్మా.